సైకిల్ మీద వీడియో: ఫోన్‌తో సరిపెట్టుకోవచ్చా, కెమెరా కొనాల్సిందేనా?

ప్రశ్న: మాది మణికొండ. వారంలో నాలుగైదు రోజులు తెల్లవారుజామున ఐదున్నరకు సైకిల్ మీద గండిపేట వైపో, ఔటర్ పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీదకో వెళ్తాను. నాది హైబ్రిడ్ సైకిల్, 35 మిల్లీమీటర్ల టైర్లు. ఈ దారులన్నీ చూపిస్తూ తెలుగులో చిన్న యూట్యూబ్ ఛానెల్ పెట్టాలని ఉంది. ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించి 0.5ఎక్స్ లెన్స్‌తో, 1080పిలో తీస్తున్నాను. బొమ్మంతా జెల్లీలా వణుకుతోంది. నా మాట కంటే గాలి హోరే ఎక్కువ వినిపిస్తోంది. పోయిన నెల ఒక కారు మోచేతిని రాసుకుంటున్నట్టే పోయింది. వీడియోలో కారు కనిపిస్తోంది గానీ నంబరు చదవడానికి రావడం లేదు. యాక్షన్ కెమెరా కొనాలా? దారిలో కనిపించే మనుషుల ముఖాలు, బండ్ల నంబర్లు చెరిపేయాలా? — పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో రెండు వేరువేరు అవసరాలున్నాయి. దారి చూడముచ్చటగా కనిపించాలి, ఎవరైనా మీద మీదకు వస్తే నంబరు దొరకాలి. ఒకే కెమెరాతో, ఒకే సెట్టింగుతో ఈ రెండు పిట్టలూ పడవు. చూపించే వీడియోకు వెడల్పు కోణం, కుదుపు తెలియని ఫ్రేము, ఎంచుకుని తీసిన చిన్న ముక్కలు కావాలి. సాక్ష్యానికి ఇరుకు కోణం, వేగమైన షట్టర్ (అంటే ఒక్కో ఫ్రేముకు సెన్సర్ వెలుతురు తీసుకునే సమయం తక్కువగా ఉండటం), బయల్దేరినప్పటి నుంచి ఆగేదాకా తెగని రికార్డింగ్ కావాలి. ముందు ఏది ముఖ్యమో తేల్చుకుంటే ఏం కొనాలో, ఎక్కడ బిగించాలో సగం తేలిపోతుంది. మీరు ఛానెల్ గురించే ఎక్కువ రాశారు కాబట్టి దానితోనే మొదలుపెడతాం.

ముందు ఆ జెల్లీ సంగతి. ఫోన్ సెన్సర్ బొమ్మనంతా ఒక్కసారిగా చదవదు, పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కో వరసే చదువుకుంటూ వస్తుంది. ఆ కొన్ని మిల్లీసెకన్లలోనే హ్యాండిల్ అదిరితే పై వరసలు ఒకచోట, కింది వరసలు ఇంకోచోట పడతాయి. నిటారుగా ఉండాల్సిన కరెంటు స్తంభం పాములా వంకర్లు తిరిగేది అందుకే. స్టెబిలైజేషన్ అనేది ఫ్రేము మొత్తాన్ని అటూ ఇటూ జరిపి కుదుపును దాచగలదు గానీ, ఫ్రేము లోపలే వంగిపోయిన గీతను పూర్తిగా సరిచేయలేదు. కాబట్టి అదురు కెమెరా దాకా రాకుండా చూడాలి, వచ్చాక చేయగలిగేది తక్కువ.

పైసా ఖర్చు లేని మందు టైర్లలో ఉంది. 35 మిల్లీమీటర్ల టైరులో చాలామంది పక్కన రాసి ఉన్న గరిష్ఠం దాకా, అంటే 75 పీఎస్ఐ దాకా గాలి నింపేస్తారు. అరవై, డెబ్బై కిలోల మనిషికి అంత అక్కర్లేదు. 55 నుంచి 60 మధ్య ఉంచి చూడండి, వెనక టైరులో ఒక నాలుగైదు ఎక్కువ పెట్టండి. టైరు మీద రాసి ఉన్న కనిష్ఠం కంటే మాత్రం దిగొద్దు. దిగితే గుంతలో పడ్డప్పుడు రిమ్ము ట్యూబును నొక్కేసి పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి. గరుకు తారు మీద వచ్చే సన్నటి అదురు ఈ ఒక్క మార్పుతోనే చాలావరకు తగ్గుతుంది.

ఇక ఫోన్. హ్యాండిల్ మీద మీ మెయిన్ ఫోన్‌ను రోజూ పెట్టడం మానేయండి. ఓఐఎస్ (లెన్సును కదిలించి చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్న లెన్సులు లోపల సన్నటి స్ప్రింగుల మీద తేలుతూ ఉంటాయి. పెద్ద మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురుకు ఈ భాగాలు దెబ్బతినవచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే హెచ్చరించింది. సైకిల్‌కు ఇంజన్ లేదు నిజమే, కానీ గట్టి టైర్లతో, సస్పెన్షన్ లేని ఫోర్క్‌తో, వరసగా స్పీడ్ బ్రేకర్లున్న కాలనీ రోడ్ల మీద నెలల తరబడి తిప్పితే ఫోన్‌కు మంచిది కాదు. చాలా ఫోన్లలో 0.5ఎక్స్ లెన్సుకు ఓఐఎస్ ఉండదు కాబట్టి మీ బొమ్మ వణకడానికి అది కారణం కాదు. అయినా మీరు వాడినా వాడకపోయినా మెయిన్ లెన్సు అదే అదురు తింటూ ఉంటుంది. ఎండాకాలంలో ఇంకో చిక్కు: ఎనిమిదిన్నర, తొమ్మిదికి ఎండ నేరుగా తెర మీద పడుతూ ఉంటే ఫోన్ వేడెక్కి రికార్డింగ్ తానే ఆపేస్తుంది.

అందుకని ఛానెల్ నడపాలన్న పట్టుదల ఉంటే యాక్షన్ కెమెరా కొనండి. సరికొత్త మోడలే అక్కర్లేదు. రెండు మూడేళ్ల పాతదైనా మూడు గుణాలు ఉంటే చాలు: 4కె (1080పి కంటే అడ్డంగా, నిలువుగా రెట్టింపు పిక్సెళ్లు) వీడియో సెకనుకు 30 ఫ్రేములతో, మంచి స్టెబిలైజేషన్, బ్యాటరీ విడిగా మార్చుకునే వీలు. దారి మీద వేగం, ఎత్తు అంకెలు చూపించాలనుకుంటే జీపీఎస్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి. గోప్రోలో హీరో 11లో ఉంది, హీరో 12లో తీసేశారు, హీరో 13లో మళ్లీ పెట్టారు. పేరు కొత్తదని హీరో 12 కొని తర్వాత నాలిక కరుచుకున్నవాళ్లు ఉన్నారు.

కెమెరా ఎక్కడ పెట్టాలనేది కెమెరా కంటే పెద్ద ప్రశ్న. హ్యాండిల్ మీద పెడితే సైకిల్ అదురంతా బొమ్మలోకి వస్తుంది, గేరు మార్చినప్పుడల్లా టక్కుమనే శబ్దం లోహం గుండా మైకులోకి ఎక్కుతుంది, బ్యాలెన్స్ కోసం మీరు చేసే ప్రతి చిన్న మలుపుకూ బొమ్మ అటూ ఇటూ ఊగుతుంది. హెల్మెట్ మీద పెడితే అదురు ఉండదు గానీ, వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ చూసేవాళ్ల తల తిరుగుతుంది. పైగా పడ్డప్పుడు హెల్మెట్ రోడ్డు మీద జారాలి, పైకి పొడుచుకుని ఉన్న కెమెరా ఆ జారుడుకు అడ్డం పడి మెడను మెలితిప్పే ప్రమాదం ఉంది. హెల్మెట్ మీదే కావాలనుకుంటే రంధ్రాలు పెట్టకండి, ఏ జిగురు పడితే ఆ జిగురు పూయకండి. కొన్ని ద్రావకాలు పెంకును, లోపలి ఫోమ్‌ను తినేస్తాయి. దెబ్బ తగిలితే ఊడిపోయే పట్టీ మౌంటు ఒక్కటే నయం.

అన్నిటికంటే మేలైన చోటు మీ ఒళ్లు. మోచేతులు, మోకాళ్లు వంచి తొక్కే మనిషిని మించిన షాక్ అబ్జార్బర్ లేదు. హైబ్రిడ్ మీద మీరు కాస్త నిటారుగానే కూర్చుంటారు కాబట్టి ఛాతీ ఎత్తులో ఉన్న కెమెరాకు దారి, హ్యాండిల్, మీ చేతులు మూడూ పడతాయి. చూసేవాళ్లకు తామే తొక్కుతున్నట్టు అనిపించేది ఆ చేతుల వల్లే. ఛాతీ పట్టీ ఆడవాళ్లకు చాలాసార్లు సరిగా కుదరదు, శ్వాస తీసుకున్నప్పుడల్లా కెమెరా పైకీ కిందికీ ఊగుతుంది. దానికి బదులు బ్యాక్‌ప్యాక్ భుజం పట్టీకి బిగించే క్లిప్పు తీసుకోండి. బ్యాగుకున్న ఛాతీ బకిల్ తప్పక పెట్టుకోండి, లేకపోతే పట్టీ జారుతుంది. సైకిల్ మీద కూర్చుని, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, అప్పుడు కెమెరాను పైకి ఎత్తి కోణం సరిచూసుకోండి. నిలబడి సరిచేసుకుంటే, తొక్కేటప్పుడు ఒళ్లు ముందుకు వంగి వీడియో అంతా ముందు చక్రమే కనిపిస్తుంది.

హ్యాండిల్ మీదే పెట్టక తప్పకపోతే స్టెమ్‌కు (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్కకు) వీలైనంత దగ్గరగా, పొట్టి చేయి ఉన్న మౌంటుతో బిగించండి. చేయి పొడుగయ్యే కొద్దీ అదురు పెరుగుతుంది. హైబ్రిడ్‌లలో హ్యాండిల్ మధ్యభాగం మందం 31.8 మిల్లీమీటర్లో, 25.4 మిల్లీమీటర్లో ఉంటుంది. కొలిచి, దానికి సరిపోయే క్లాంపే తీసుకోండి. వదులుగా ఉన్నదాన్ని రబ్బరు ముక్కలు చుట్టి బిగిస్తే పది కిలోమీటర్లకే ముందుకు ఒరిగిపోతుంది. కెమెరాకు ఒక తాడు కట్టాలి. ఆ తాడు పొడుగు ముఖ్యం: కెమెరా ఊడి వేలాడినా ముందు చక్రం ఊచల దాకా అందకూడదు, అంటే ఒక జానెడు కంటే తక్కువ. ఊచల్లో ఇరుక్కుంటే చక్రం ఒక్కసారిగా ఆగిపోయి మనిషి హ్యాండిల్ మీంచి ముందుకు పడతాడు.

సెట్టింగుల్లో మీ సమయమే మీకు పెద్ద పరీక్ష. హైదరాబాద్‌లో జూన్ మొదట్లో సూర్యోదయం సుమారు 5.40కి, జనవరిలో 6.45 దాటాక. అంటే ఐదున్నరకు బయల్దేరితే చలికాలంలో మొదటి భాగం దాదాపు చీకటే. చీకట్లో కెమెరా వెలుతురు కోసం షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ లోపు కుదిపిన ప్రతి కుదుపూ ఫ్రేములో అలుక్కుపోయినట్టు పడుతుంది. స్టెబిలైజేషన్ ఫ్రేమును నిలబెడుతుంది గానీ ఆ అలుకు అలాగే ఉంటుంది. ఫలితంగా కదలని బొమ్మలో వీధిదీపాలు మాత్రం వణుకుతూ కనిపిస్తాయి. తెల్లారకముందు 60 ఫ్రేములు పెట్టొద్దు, 25 గానీ 30 గానీ చాలు. ఐఎస్ఓ (చీకట్లో బొమ్మ వెలుగును కెమెరా పెంచే స్థాయి) గరిష్ఠాన్ని 1600 దగ్గర ఆపండి. అంతకు మించితే చెట్లన్నీ బురద ముద్దలవుతాయి. నిజానికి ఛానెల్ కోసమే అయితే వెలుతురు వచ్చాకే తీయండి. సూర్యుడు లేచిన మొదటి గంటలో గండిపేట నీళ్ల మీద పడే వెలుగును ఏ సెట్టింగూ సృష్టించలేదు. తూర్పుకు ఎదురుగా తొక్కేటప్పుడు లెన్సు మీద వేలిముద్ర ఒక్కటి ఉన్నా బొమ్మంతా తెల్లగా పొగచూరుతుంది, కాబట్టి జేబులో కళ్లద్దాల గుడ్డ ఒకటి ఉంచుకోండి.

వెలుతురు వచ్చాక: 4కె, 30 ఫ్రేములు, లీనియర్ కోణం (అంచుల్లో గీతలు వంగనిది), హొరైజన్ లాక్ (సైకిల్ ఒరిగినా బొమ్మ ఒరగనివ్వనిది) ఉంటే ఆన్, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) 5500 దగ్గర స్థిరంగా, ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుగు) మైనస్ 0.5. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే చెట్ల నీడలోకి వెళ్లినప్పుడల్లా రంగు మారి, ఎడిటింగ్‌లో ముక్కలు ఒకదానితో ఒకటి అతకవు. షట్టర్‌ను ఫ్రేముల సంఖ్యకు రెట్టింపు, అంటే 1/60 సెకను పెట్టి ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం) వేయమని చాలాచోట్ల చదువుతారు. కదలకుండా నిలబెట్టిన కెమెరాకు అది సరే. ఒంటి మీద ఉన్న కెమెరాకు, స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉండగా, 1/120 నుంచి 1/240 మధ్య ఉంటేనే బొమ్మ శుభ్రంగా ఉంటుంది. ఎన్‌డీ కొనకుండా ఆ డబ్బు రెండో బ్యాటరీకి పెట్టండి.

మీరు వెళ్లే సోలార్ ట్రాక్‌కు మాత్రం విడిగా చెప్పాలి. 2023 అక్టోబర్‌లో తెరిచిన ఈ 23 కిలోమీటర్ల ట్రాక్‌లో నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో పాయ ఉన్నాయి. పైన ప్యానెళ్ల కప్పు, పక్కన తెరిచిన ఆకాశం. ఆటోలో ఉన్న కెమెరా ఒకసారి ఆకాశానికి, ఒకసారి నీడకు సర్దుకుంటూ బొమ్మను వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటుంది. ఎక్స్‌పోజర్ లాక్ ఉన్న కెమెరాలో ట్రాక్ ఎక్కగానే నేల మీద లాక్ చేయండి, ఆకాశం తెల్లబోయినా నష్టం లేదు. లాక్ లేకపోతే కెమెరాను కొద్దిగా కిందికి వంచి ఆకాశం వాటా తగ్గించండి. చీకటి ఉండగా తీస్తే దీపాల మినుకు ఇంకో తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరాలో యాంటీ ఫ్లికర్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చండి. చాలా కెమెరాలు 60తో వస్తాయి. 25 ఫ్రేములు, 1/50 లేదా 1/100 షట్టర్‌తో ఆ మినుకు పోతుంది. సరదా కోసమైనా ఔటర్ ప్రధాన రోడ్డు మీదకు ఎక్కొద్దు. అక్కడ ద్విచక్ర వాహనాలకే అనుమతి లేదు, సైకిల్ మాట చెప్పక్కర్లేదు.

గాలి హోరుకు మందు తేలిక. గంటకు 20 కిలోమీటర్లు దాటితే కెమెరా మైకు రంధ్రం మీద గాలి నేరుగా కొట్టుకుని మాటను మింగేస్తుంది. కెమెరా మీద తొడిగే ఫోమ్ తొడుగు కొంత ఆపుతుంది, బొచ్చు తొడుగు ఇంకాస్త ఎక్కువ ఆపుతుంది. అంతకంటే మంచి పద్ధతి: చిన్న కాలర్ మైకుకు ఫోమ్ పెట్టి, జెర్సీ లోపల గొంతు కింద నాలుగైదు అంగుళాల దగ్గర టేపుతో అంటించి, వైరును పాత ఫోన్‌కు కలిపి రికార్డు చేయడం. మొదలుపెట్టేటప్పుడు కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో రెండు శబ్దాలూ ఆ చప్పుడు దగ్గర కలుస్తాయి. అయినా దారి వివరాలను తొక్కుతూ రొప్పుతూ చెప్పడం కంటే ఇంటికొచ్చాక కిటికీలు మూసి, ఫ్యాను ఆపి చెప్పడమే నయం. దారిలో పక్షుల కూతలు, చైను చప్పుడు మాత్రం ఉంచండి.

బ్యాటరీ, కార్డు లెక్క ఇలా. 60 ఎంబీపీఎస్ బిట్‌రేటుతో (అంటే సెకనుకు 60 మెగాబిట్లు రాస్తే) గంటకు 27 జీబీ పడుతుంది, అంటే 64 జీబీ కార్డులో సుమారు 2 గంటల 20 నిమిషాలు. కెమెరాను 100 ఎంబీపీఎస్‌కు పెడితే గంటకు 45 జీబీ. కార్డు మీద వీ30 గుర్తు ఉండాలి, సెకనుకు 30 ఎంబీ రాయగలదని దాని అర్థం. అది లేని కార్డుతో మధ్యలో రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న కార్డును మొదటి రోజే నిండుగా ఫైళ్లు నింపి, తిరిగి కాపీ చేసి చూడండి. 128 అని రాసి ఉన్న నకిలీ కార్డులు కొంత నిండాక పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసేస్తాయి. ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే చేయండి. బ్యాటరీ గంట, గంటంపావు వస్తే మంచిదే అనుకోవాలి. వైఫై ఆపేసి, తెర నిమిషంలో ఆరిపోయేలా పెట్టండి. పవర్ బ్యాంకుతో నడపాలనుకుంటే గుర్తుంచుకోండి, యూఎస్‌బీ తలుపు తెరిచిన కెమెరా వాన తట్టుకోదు.

ఇప్పుడు ఆ కారు నంబరు. ఎందుకు చదవలేకపోయారో లెక్క వేసి చూపిస్తే, ఏం మార్చాలో మీకే తెలుస్తుంది. 0.5ఎక్స్ లెన్సు అడ్డంగా దాదాపు 110 డిగ్రీలు చూస్తుంది. 1080పిలో అడ్డంగా 1920 పిక్సెళ్లు, అంటే డిగ్రీకి పదిహేడున్నర. కారు నంబర్ ప్లేటు పొడుగు 500 మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరంలో అది మూడు డిగ్రీల కంటే తక్కువ చోటు తీసుకుంటుంది, అంటే సుమారు 50 పిక్సెళ్లు. అందులో పది అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఐదు పిక్సెళ్లు. ఐదు పిక్సెళ్లలో 8కీ 3కీ, బీకీ తేడా ఉండదు. ఏ యాప్‌తో పెంచినా లేని అక్షరం రాదు, వచ్చినా అది యాప్ ఊహించి గీసినదే. అదే లెన్సుతో 4కెలో, ఐదు మీటర్ల దగ్గర, ఒక్కో అక్షరానికి దాదాపు 20 పిక్సెళ్లు వస్తాయి, హాయిగా చదవచ్చు. స్కూటర్ వెనక ప్లేటు 200 మిల్లీమీటర్లే, రెండు వరసలు. 4కెలో కూడా ఐదు మీటర్లు దాటితే కష్టం.

ఇక సమయం. మీ కంటే గంటకు 30 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో దాటిన బండి ఆ ఐదు మీటర్ల లోపు ఉండేది అర సెకను పైచిలుకు. 30 ఫ్రేముల్లో లెక్కేస్తే పద్దెనిమిది బొమ్మలు. వాటిలో ఒక్కటైనా అదురు లేకుండా పడాలంటే షట్టర్ 1/250, వీలైతే 1/500 ఉండాలి. చీకట్లో ఆ షట్టర్‌కు వెలుతురు చాలదు, దీపాల మినుకు కూడా వస్తుంది. సాక్ష్యం కోసమైతే రెంటినీ భరించాల్సిందే. అందంగా తీయాలనుకున్న కెమెరా ఈ పనికి సరిపోనిది ఇక్కడే.

కాబట్టి రక్షణ కోసం విడిగా చిన్న కెమెరా ఒకటి, లూప్ రికార్డింగ్ ఉన్నది, హ్యాండిల్ మీద ముందుకు పెట్టండి. వెనక నుంచి దాటి వెళ్లే బండి వెనక ప్లేటు దానికి పడుతుంది. ఇది కాస్త అదిరినా ఫర్వాలేదు, కోణం ఇరుగ్గా, 4కెలో ఉంటే చాలు. ఐదు నిమిషాల ముక్కలుగా రాస్తూ, కార్డు నిండగానే పాతవి తానే చెరుపుకుంటుంది. రెండో కెమెరా ఇప్పుడే వద్దనుకుంటే ఖర్చులేని ఉపాయం ఒకటుంది: దాటిపోయిన బండి నంబరు, రంగు, మోడల్, చోటు వెంటనే పైకి గట్టిగా చదవండి. కన్ను చదివింది కెమెరా చదవలేకపోయినా మైకు వింటుంది. కెమెరా గడియారం నెలకోసారి సరిచూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే కొన్నిటిలో తేదీ వెనక్కి పోతుంది, ఆ తప్పు తేదీతో ఫుటేజీ విలువ పడిపోతుంది.

నిజంగా ఏదైనా జరిగితే ముందు రోడ్డు పక్కకు వచ్చి, దెబ్బలు చూసుకుని, 112కు ఫోన్ చేయండి. కెమెరా సంగతి ఆ తర్వాతే. రికార్డింగ్ ఆపి కార్డు తీసేయండి, మళ్లీ అదే కార్డుతో తొక్కితే లూప్ దాన్ని చెరిపేయవచ్చు. కత్తిరించకండి, పాట కలపకండి, పేరు మార్చకండి. అసలు ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని కార్డును కవరులో పెట్టి దాచండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ కాపీని కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (సాఫ్ట్‌వేర్ లెక్కగట్టే, ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. ఒక్క ఫ్రేము మారినా ఆ విలువ మారిపోతుంది కాబట్టి మొదటి రోజే లెక్కగట్టి రాసి పెట్టుకోండి. పాత చట్టం మీద 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టులో చూపిస్తే ధ్రువపత్రం అక్కర్లేదని ఉంది. కార్డును పారేయొద్దని చెప్పేది అందుకే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో మళ్లీ కుదించబడి నాణ్యత, వివరాలు రెండూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. ఫిర్యాదు ఇవ్వకముందే ఆ వీడియోను ఛానెల్‌లో పెట్టి "వీడు చూడండి" అనొద్దు. నడిపినవాడు ఇంకొకడు అయితే పరువు నష్టం మీ మెడకు చుట్టుకుంటుంది.

ముఖాలు, నంబర్ల సంగతి. బహిరంగ రోడ్డు మీద వీడియో తీయడాన్ని సాధారణంగా ఏ చట్టమూ అడ్డుకోదు, దారిన పోయే ప్రతి ముఖాన్నీ చెరిపేయాల్సిన పనీ లేదు. కానీ ఎవరి ముఖం ఫ్రేములో పెద్దగా, మూడు నాలుగు సెకన్ల పాటు నిలిచిందో చూడండి. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషి, బస్సు కోసం చూస్తున్న స్కూలు పిల్లలు, చెరువు గట్టున బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు, పొద్దున్నే గట్టు కిందికి దిగినవాళ్లు, ఇలాంటివాళ్లు మీ ఛానెల్‌కు ఒప్పుకోలేదు. పిల్లల ముఖాలు ఎప్పుడూ చెరపండి, గట్టున స్నానాలు, బట్టలు కనిపించే ముక్కను మొత్తంగా తీసేయండి. కొన్నిటిలో అది మర్యాదే కాదు, ఐటీ చట్టం 66ఈ (ఒప్పుకోకుండా ఒకరి ఆంతరంగిక భాగాల బొమ్మ తీయడం, పెట్టడం) కిందకు వచ్చే నేరం కూడా కావచ్చు. నంబర్ ప్లేట్లలో మీతో గొడవపడ్డవాటిని, ఇళ్ల ముందు నిలిపి ఉన్నవాటిని చెరిపితే చాలు. యూట్యూబ్ స్టూడియోలోనే ముఖాలు మసకచేసే సదుపాయం ఉంది, కదిలే వస్తువు వెంట కూడా వెళ్తుంది. అయితే ఫ్రేము అంచులో జారిపోతుంది, చివరిదాకా చూసి గానీ సేవ్ చేయొద్దు. బృందంగా వెళ్లేటప్పుడు బయల్దేరేముందే కెమెరా ఉందని చెప్పండి, వద్దన్నవాళ్ల వెనక తొక్కండి. తిరుమలగిరి, బొల్లారం వైపు వెళ్తే కంటోన్మెంట్‌లో ఫొటోలు నిషేధమన్న బోర్డులు కనిపిస్తాయి. అక్కడ కెమెరా ఆపి, కనిపించేలా కిందికి తిప్పండి.

అందరూ మరిచిపోయే ముఖం ఒకటుంది, మీది. రోజూ ఒకే సమయానికి ఒకే గేటు నుంచి ఒంటరిగా బయల్దేరే మనిషి వీడియోలు పెడుతూ ఉంటే ఇల్లు ఎక్కడో, ఎప్పుడు బయల్దేరుతుందో ఎవరైనా పట్టేయవచ్చు. ఇంటికి కనీసం అర కిలోమీటరు దాటాకే కెమెరా ఆన్ చేయండి, తిరుగు ప్రయాణంలోనూ అంతే దూరంలో ఆపండి. వీడియోను ఆ రోజే పెట్టకండి, వారం పది రోజులు ఆగి, క్రమం మార్చి పెట్టండి. జీపీఎస్ ఉన్న కెమెరా ఫైలులోనే మీ దారి అంతా దాగి ఉంటుంది. అసలు ఫైలును టెలిగ్రామ్‌లోనో డ్రైవ్‌లోనో ఎవరికైనా ఇస్తే ఆ దారినీ ఇచ్చినట్టే. తొక్కిన దారిని నమోదు చేసే స్ట్రావా యాప్ లింకు పెట్టే అలవాటుంటే మ్యాప్ సెట్టింగుల్లో మొదలు, చివర దాచే దూరాన్ని 1600 మీటర్లకు పెట్టండి. 2018లో స్ట్రావా హీట్ మ్యాప్ (వాడేవాళ్లందరి దారులూ కలిపి చూపే పటం) వల్ల సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తే దారులే బయటపడ్డాయి. ఇంటి గేటు బయటపడటానికి అంత కష్టం కూడా అక్కర్లేదు.

ఎడిటింగ్‌లో కఠినంగా ఉండండి. గంటన్నర తొక్కుడులో చూడదగ్గది నాలుగైదు నిమిషాలు. ఒక్కో షాటు నాలుగు నుంచి ఎనిమిది సెకన్లు, మలుపులు, చెరువు మొదటిసారి కనిపించే చోటు, రోడ్డు పాడైన చోటు. వేగం పెంచిన టైమ్‌ల్యాప్స్ తక్కువ వాడండి, అందులో ఎంత జాగ్రత్తగా తొక్కినా నిర్లక్ష్యంగా తొక్కినట్టే కనిపిస్తుంది. తెలుగులో దారి వీడియోలు చూసేవాళ్లకు కావాల్సింది నిఖరమైన సమాచారం: ఎక్కడ మొదలైంది, ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ పంక్చర్ కొట్టు ఉంది, ఎక్కడ కుక్కలు వెంటపడతాయి, ఒంటరిగా వచ్చే ఆడమనిషికి ఏ ముక్క నిర్మానుష్యంగా ఉంటుంది. ఈ చివరిది మీరు చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు.

అప్‌లోడ్ చేసేటప్పుడు 1080పిగా కాక 4కెగానో 1440పిగానో పెట్టండి. ఆకులు, కంకర, గడ్డి నిండిన సైకిల్ వీడియో కుదింపుకు బద్ధశత్రువు, 1080పిలో చిన్న ఛానెళ్లకు యూట్యూబ్ తక్కువ నాణ్యతే ఇస్తుంది. 4కె 30 ఫ్రేములకు 35 నుంచి 45 ఎంబీపీఎస్ దగ్గర ఎగుమతి చేయండి, పది నిమిషాల వీడియో సుమారు 3 జీబీ వస్తుంది. సినిమా పాటలు కలపొద్దు. టీ కొట్టు రేడియోలో వెనక వినిపించిన పాటకు కూడా కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. ఆ ముక్కలో శబ్దం తీసేసి, ట్రాక్ మీద తీసిన చైను చప్పుడు అతికించండి.

తొక్కుతూ ఉండగా తెర చూడటం, కోణం సరిచేయడం, సెల్ఫీ స్టిక్ పట్టుకోవడం ఏదీ వద్దు. ఒక్క బటన్‌తో ఆన్ అయి రికార్డు మొదలుపెట్టే క్విక్ క్యాప్చర్ ఆన్ చేసి, బీప్ శబ్దాన్ని గరిష్ఠంగా పెట్టండి, చెవితోనే ఆన్ అయిందో లేదో తెలుస్తుంది. హైండ్‌సైట్ అనే సదుపాయం ఉన్న గోప్రోలో మీరు నొక్కడానికి ముందున్న 15 లేదా 30 సెకన్లు కూడా దక్కుతాయి. నెమలి కనిపించాక బటన్ కోసం తడుముకునే పని ఉండదు, ఆగి కాలు కింద పెట్టాకే నొక్కవచ్చు. అది ఆన్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ తింటుంది కాబట్టి గండిపేట గట్టు దగ్గరికి వచ్చాకే వేసుకోండి.